జర్మన్ మేజర్: హైదరాబాద్‌లో చదవాలనుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డిగ్రీలో జర్మన్ మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా, చదివాను. ఇప్పుడు పగలు అనువాదాలు చేస్తూ, సాయంత్రాలు క్లాసులు చెబుతుంటాను. ఇంటర్ ఫలితాలు వచ్చే రోజుల్లో పిల్లలు ఒకలా, వాళ్ల అమ్మానాన్నలు ఇంకోలా అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను. ఎక్కడ నా అభిప్రాయం చెబుతున్నానో అక్కడ నా అభిప్రాయమనే చెబుతాను.

జర్మన్ మేజర్ అంటే ఏం చదువుతారు? మాట్లాడటం నేర్పించి పంపేస్తారా?

మొదటి ఏడాది చాలావరకు అదే. పలకడం, చదవడం, రాయడం, వినడం, వ్యాకరణం. రెండో ఏడాది నుంచి దారి మారుతుంది. జర్మన్ మాట్లాడే దేశాల చరిత్ర వస్తుంది: 1933 నుంచి 1945 దాకా నాజీల పాలన, 1949లో రెండు జర్మనీలు ఏర్పడటం, 1961లో బెర్లిన్ గోడ కట్టడం, 1989లో అది కూలడం, 1990 అక్టోబర్ 3న రెండూ ఒకటి కావడం. తర్వాత సాహిత్యం, అనువాదం, భాషాశాస్త్రం. గోథే, కాఫ్కా, బ్రెహ్ట్ లాంటివాళ్లని సరళం చేసిన పాఠంలో కాకుండా మూలంలోనే చదవాల్సి వస్తుంది. అది చదివి వ్యాసం కూడా జర్మన్‌లోనే రాయాలి.

చాలామంది డీలా పడేది ఇక్కడే. మాట్లాడటం వస్తే చాలనుకుని చేరినవాళ్లకి పద్దెనిమిదో శతాబ్దపు కవిత ఎందుకో అర్థం కాదు. మీకు ఏ భాషలోనైనా కథలు, వ్యాసాలు చదివే అలవాటు లేకపోతే మేజర్ గురించి ఇంకోసారి ఆలోచించండి. మాట్లాడటం ఒక్కటే కావాలంటే సాయంత్రం కోర్సు చాలు, డిగ్రీ మొత్తం దానికి పెట్టక్కర్లేదు.

మరి ఏ1, బీ1 అంటుంటారు కదా, అవి డిగ్రీలో భాగమా?

కాదు. గందరగోళం ఎక్కువగా ఉన్నది ఈ విషయంలోనే.

ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అనేవి యూరప్ అంతా వాడే భాషా స్థాయిలు. మీకు భాష ఎంత వచ్చో చెప్పే కొలతలు, అంతే. గోథే ఇన్‌స్టిట్యూట్ లాంటి సంస్థలు పరీక్ష పెట్టి ఆ సర్టిఫికెట్ ఇస్తాయి. డిగ్రీని విశ్వవిద్యాలయం ఇస్తుంది. కంపెనీ హెచ్ఆర్ అడిగేది సాధారణంగా మొదటిదాన్ని: "బీ2 ఉందా?" అంటారు. ఎంఏకి, పీహెచ్‌డీకి, అధ్యాపక ఉద్యోగాలకు అడిగేది రెండోదాన్ని. బీఏ జర్మన్ ఫస్ట్ క్లాసులో పాసైనా చేతిలో స్థాయి సర్టిఫికెట్ లేక ఇంటర్వ్యూలో తటపటాయించినవాళ్లు నాకు తెలుసు. డిగ్రీ చివరి ఏడాదిలోనే బీ2 పరీక్ష రాసేయండి. అప్పటికి మీ చదువు దాదాపు ఆ స్థాయికి వచ్చే ఉంటుంది, విడిగా కోచింగ్ కూడా అవసరం పడదు.

హైదరాబాద్‌లో ఎక్కడ చదవొచ్చు?

మేజర్‌గా అయితే ముందుగా చెప్పాల్సింది తార్నాక దగ్గరున్న ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ, అంటే ఇఫ్లూ. 1958లో ఇంగ్లిష్ బోధన కోసం మొదలైన సంస్థ ఇది. 1972లో విదేశీ భాషలు కూడా చేరి సీఫెల్ అయింది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. పాతతరం వాళ్లు, ఆటోవాళ్లలో కొందరు ఇప్పటికీ సీఫెల్ అనే అంటారు. బీఏ ఆనర్స్, ఎంఏ, పీహెచ్‌డీ మూడూ ఉన్నాయి. ఇవి కాక పార్ట్‌టైమ్ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు కూడా నడుపుతారు.

ఉస్మానియాలో కూడా జర్మన్ సర్టిఫికెట్, డిప్లొమా స్థాయి కోర్సులు ఉన్నాయి. నగరంలో కొన్ని డిగ్రీ కాలేజీలు సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్, జర్మన్ ఇస్తాయి. అది మేజర్ కాదు. మార్కుల కోసం తీసుకునేవాళ్లే అందులో ఎక్కువ.

బంజారాహిల్స్‌లో గోథే జెంట్రుమ్ ఉంది. 2002 నుంచి నడుస్తోంది. డిగ్రీ ఇవ్వదు. భాషా తరగతులు, స్థాయి పరీక్షలు, అప్పుడప్పుడు సినిమాలు, కచేరీలు ఉంటాయి. మేజర్ చేసేవాళ్లు పరీక్ష రాయడానికైనా ఒకసారి అక్కడికి వెళ్లక తప్పదు.

హైదరాబాద్ దాటి వెళ్లగలిగితే ఢిల్లీలో జేఎన్‌యూ ఉంది, అక్కడా జర్మన్ బీఏ ఆనర్స్ ఉంది.

ప్రవేశం ఎలా? దోస్త్‌లో వస్తుందా?

రాదు. దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి రాష్ట్ర విశ్వవిద్యాలయాల కింద ఉన్న డిగ్రీ కాలేజీలకు. ఇఫ్లూ కేంద్రీయ విశ్వవిద్యాలయం కాబట్టి దాని నోటిఫికేషన్ వేరు. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రవేశాలకు సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష వచ్చింది, దాన్ని జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెడుతుంది. తల్లిదండ్రులు తరచుగా చేసే పని ఏమిటంటే, ఇంటర్ ఫలితాలు వచ్చాక కదలడం. సీయూఈటీ దరఖాస్తు గడువు సాధారణంగా అంతకు ముందే ముగిసిపోతుంది. ఇంటర్ రెండో ఏడాది సంక్రాంతి సెలవుల నుంచే యూనివర్సిటీ వెబ్‌సైట్, ఎన్‌టీఏ వెబ్‌సైట్ రెండూ చూస్తూ ఉండండి.

ఎంపీసీ చదివాను. చేరొచ్చా?

చేరొచ్చు. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, ఏది చదివినా ఇబ్బంది లేదు. నా అనుభవంలో ఎంపీసీ పిల్లలకు జర్మన్ వ్యాకరణం కాస్త తొందరగా పట్టుబడుతుంది. సాహిత్యం దగ్గర హెచ్ఈసీ వాళ్లు ముందుంటారు.

ముందే కొంచెం జర్మన్ వచ్చి ఉండాలా?

అక్కర్లేదు. బీఏలో అక్షరాల నుంచి మొదలుపెడతారు. అయితే స్కూల్లో జర్మన్ చదివి వచ్చినవాళ్లు క్లాసులో ఒకరిద్దరు ఉంటారు. మొదటి నెల వాళ్లని చూసి బెదిరిపోవద్దు. రెండో సెమిస్టర్‌కి ఆ తేడా చాలావరకు పోతుంది.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లిష్ అంతంత మాత్రం. నడుస్తుందా?

మొదట్లో ఇబ్బంది ఉంటుంది, దాచక్కర్లేదు. పుస్తకాలు, నిఘంటువులు, వెబ్‌సైట్లలో వివరణలు దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనో జర్మన్‌లోనో ఉంటాయి. కానీ కొన్ని నెలలు గడిచాక పాఠం జర్మన్‌లోనే సాగుతుంది. అక్కడ ఇంగ్లిష్ మీడియం వాళ్లూ మీరూ ఒకటే. పైగా ఇంగ్లిష్ మీద అతిగా ఆధారపడేవాళ్లకి జర్మన్‌లో కొన్ని ఇక్కట్లు వస్తాయి, కింద చెబుతున్నాను.

జర్మన్ చాలా కష్టమంటారు. తెలుగువాళ్లకి మరీ కష్టమా?

పదో తరగతిలో "డు ము వు లు ప్రథమా విభక్తి, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి" అని అప్పజెప్పిన వాళ్లకి జర్మన్ విభక్తులు పూర్తిగా పరాయివి కావు. జర్మన్‌లో నాలుగే: నామినాటివ్, అక్కుజాటివ్, డాటివ్, గెనిటివ్. స్థూలంగా మన ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠి. మనం పదం చివర "ని", "కి" తగిలిస్తాం. వాళ్లు పదం ముందుండే డేర్‌ని (ఇంగ్లిష్ "ది" లాంటి మాట) డేన్, డేమ్, డెస్ అని మారుస్తారు. మార్పు జరిగే చోటు వేరు, జరిగే పని చాలావరకు అదే.

ఒక ఉదాహరణ చూడండి. చలేస్తోందని జర్మన్‌లో చెప్పాలంటే "మీర్ ఇస్ట్ కాల్ట్" అంటారు. మీర్ అంటే "నాకు". "నాకు చలిగా ఉంది" అన్నట్టే. ఇంగ్లిష్‌లో ఆలోచించేవాళ్లు "ఇష్ బిన్ కాల్ట్" అనేస్తారు. అంటే "నేను" తో మొదలుపెడతారు. విన్న జర్మన్‌వాళ్లకి అది తన మనసు రాయి అని చెప్పుకుంటున్నట్టు వినిపిస్తుంది. "నాకు నచ్చింది" కూడా అంతే, "ఎస్ గెఫెల్ట్ మీర్". ఇలాంటి వాక్యాల్లో తెలుగులో ఆలోచిస్తేనే సరిగ్గా వస్తుంది.

వాక్యంలో క్రియ ఉండే చోటు గురించి కూడా భయపెడతారు. మామూలు వాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉంటుంది. కానీ "రేపు తార్నాక వెళ్లాలి" అనాలంటే "ఇష్ ముస్ మోర్గెన్ నాఖ్ తార్నాక ఫారెన్". "ముస్" రెండో చోట కూర్చుంటుంది, "వెళ్లు" అనే ఫారెన్ మాత్రం మన వాక్యంలోలాగే చివరికి పోతుంది. "వైల్", అంటే "ఎందుకంటే", వచ్చిన ప్రతిచోటా ఆ భాగంలో క్రియ చివరికే వెళ్తుంది: "వైల్ డేర్ బుస్ నిష్ట్ కొమ్ట్". బస్సు రాదు కాబట్టి. చేసే పని చివర్లో చెప్పడం మనకి పుట్టుకతో ఉన్న అలవాటు. ఇంగ్లిష్ మాత్రమే మాట్లాడేవాళ్లకి ఇది నెలల తరబడి తలనొప్పి.

నువ్వు, మీరు తేడా కూడా ఉంది: డూ, జీ. జీ వాడినప్పుడు క్రియ బహువచనంలో ఉంటుంది, మన "మీరు" లాగే. ఒక చిన్న తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. పరిచయం పెరిగాక జీ నుంచి డూకి మారదామని మామూలుగా పెద్దవాళ్లో, పైస్థానంలో ఉన్నవాళ్లో అంటారు. చిన్నవాళ్లు తొందరపడి డూ అనకూడదు.

డేర్, డీ, డస్ ఎలా గుర్తుంచుకోవాలి?

డేర్ పుంలింగానికి, డీ స్త్రీలింగానికి, డస్ నపుంసకానికి. పదంతో పాటే నేర్చుకోవాలి, వేరే దారి లేదు. బల్లని "టిష్" అని కాదు, "డేర్ టిష్" అని రాసుకోండి. కొన్ని నియమాలు సాయపడతాయి. "ఉంగ్", "హైట్", "కైట్" తో ముగిసే నామవాచకాలు దాదాపు ఎప్పుడూ స్త్రీలింగం, డీ. "షెన్" తో ముగిసే చిన్నవాటి పేర్లన్నీ నపుంసకం, డస్. అందుకే అమ్మాయి అనే "మేట్‌షెన్" కూడా డస్ అవుతుంది. ఇది విని ఇంగ్లిష్ వాళ్లు నవ్వుతారు. మనం నవ్వక్కర్లేదు. "అమ్మాయి వచ్చింది", "కుక్క వచ్చింది", "బస్సు వచ్చింది", మూడింటికీ మనం వాడే క్రియ ఒకటే కదా.

ఉచ్చారణ?

మనకు ఒక సౌలభ్యం ఉంది. "చలి", "చాప" లో వినిపించే దంత్య చకారం, పాత పుస్తకాల్లో ౘ అని రాసేవారు చూడండి, జర్మన్ జెడ్ అక్షరం పలికేది సరిగ్గా అలాగే. సమయం అనే పదాన్ని "ౘైట్" అంటారు. ఉత్తరాది స్నేహితులు చాలామంది "జైట్" అంటూ చాలాకాలం ఇబ్బంది పడతారు.

మన ఇబ్బందులు వేరే. తెలుగులో మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్సు, కారు, బల్బు అన్నట్టే "గూట్" ని "గూటు" చేసేస్తాం. ఇది పోవడానికి ఒక సెమిస్టర్ పడుతుంది. ఇక చుక్కల యూ, అంటే పైన రెండు చుక్కలు పెట్టే అక్షరం: నోట్లో "ఈ" అంటూ పెదవులు మాత్రం "ఊ" కి పెట్టినట్టు గుండ్రంగా పెట్టండి. చుక్కల ఓ: లోపల "ఏ", పెదవులకి "ఓ". అద్దం ముందు చేస్తే వస్తుంది. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

అంకెలు కూడా చిక్కే. ఇరవై ఒకటిని వాళ్లు "ఒకటీ ఇరవై" అంటారు. ఫోన్ నంబర్ వినేటప్పుడు బీ2 పాసైనవాళ్లు కూడా తడబడతారు.

"45 రోజుల్లో బీ1" అని బోర్డులు కనిపిస్తాయి. నిజమేనా?

లెక్క మీరే వేయండి. గోథే ఇన్‌స్టిట్యూట్ సొంత అంచనా ప్రకారం ఏ1కి 45 నిమిషాల తరగతులు 80 నుంచి 200 దాకా కావాలి. బీ1 చేరడానికి మొదటి నుంచి మొత్తం 350 నుంచి 650. బీ2కి 600 నుంచి 800. సీ1కి 800 నుంచి 1000. రోజూ నాలుగు తరగతుల చొప్పున 45 రోజులు ఒక్కరోజు మానకుండా వెళ్లినా 180. అంటే ఏ1 వస్తుంది. రోజుకి ఎనిమిది తరగతులు చెబితే 360 అవుతుంది, బీ1 కనీసం అంచనాకి కొంచెం పైన. అన్ని తరగతులు వింటే బుర్రలో ఎంత నిలుస్తుందన్నది వేరే సంగతి.

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఇలా చెప్పేవాళ్లు అడుగడుగునా కనిపిస్తారు. మంచి టీచర్లున్న చిన్న సెంటర్లు కూడా అక్కడే ఉన్నాయి, అందరినీ ఒకే గాటన కట్టలేం. వెళ్లినప్పుడు అడగాల్సింది ఇది: మొత్తం ఎన్ని తరగతులు, చెప్పే టీచర్‌కి ఏ స్థాయి సర్టిఫికెట్ ఉంది, సర్టిఫికెట్ మీరే ఇస్తారా లేక గోథే, టెల్క్ లాంటి బయటి పరీక్ష రాయిస్తారా. సెంటర్ తానే అచ్చు వేసుకున్న బీ1 సర్టిఫికెట్‌ని వీసా ఆఫీసులో ఎవరూ పట్టించుకోరు.

గోథే పరీక్ష ఎలా ఉంటుంది?

బీ1 చెబుతాను, అందరూ అడిగేది అదే. నాలుగు భాగాలు: చదవడం 65 నిమిషాలు, వినడం దాదాపు 40, రాయడం 60, మాట్లాడటం దాదాపు 15. ఒక్కో దానికి 100 మార్కులు, 60 వస్తే పాస్. ఒక భాగం పోతే ఆ ఒక్కటే మళ్లీ రాసుకోవచ్చు. మాట్లాడే భాగానికి సాధారణంగా ఇద్దరిద్దరిని కూర్చోబెడతారు. ఇద్దరూ కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేయాలి, పుట్టినరోజో ప్రయాణమో. మనవాళ్లు ఇక్కడ చేసేదేమిటంటే, బట్టీ పట్టింది గడగడా అప్పజెప్పేసి, అవతలివాళ్లు ఏమన్నారో వినరు. పరీక్షకులు చూసేది మీరు బదులివ్వడం. "అది కుదరదేమో, ఆదివారం అయితే?" అన్న చిన్న మాటకి మార్కులు పడతాయి.

ఉద్యోగాలు ఉంటాయా? ఇదే అసలు ప్రశ్న.

ఉంటాయి. ఎలాంటివో తెలుసుకుని చేరండి.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాల్లో యూరప్ క్లయింట్లకి పనిచేసే కంపెనీల్లో జర్మన్ వచ్చినవాళ్లని తీసుకుంటారు. కస్టమర్ల ఫోన్లు, ఈమెయిళ్లు, ఇన్‌వాయిస్‌లు, బీమా కాగితాలు, ఆన్‌లైన్ కంటెంట్ తనిఖీ, ఇలాంటి పనులు. మాట్లాడే పనికి మామూలుగా బీ2 అడుగుతారు, చదివి రాసే పనికి బీ1తో సరిపెట్టుకునే చోట్లు కూడా ఉన్నాయి. ఒక మంచి సంగతి: జర్మనీకి మనకి తేడా వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. వాళ్ల ఉదయం తొమ్మిది మనకి మధ్యాహ్నం పన్నెండున్నరో, ఒకటిన్నరో. కాబట్టి మధ్యాహ్నం వెళ్లి రాత్రికి ఇంటికి రావచ్చు. అమెరికా ప్రాసెస్‌లలాగా తెల్లవారుజాము దాకా కూర్చోనక్కర్లేదు. ఆడపిల్లల తల్లిదండ్రులు ఇది విని కొంచెం ఊపిరి పీల్చుకుంటారు.

జెడ్ఎఫ్, బాష్ లాంటి జర్మన్ ఇంజినీరింగ్ కంపెనీలకి హైదరాబాద్‌లో కేంద్రాలున్నాయి. అక్కడ ఎక్కువ తీసుకునేది ఇంజినీర్లనే. ఒట్టి జర్మన్ బీఏతో అక్కడ దొరికేవి తక్కువ.

నా అభిప్రాయం: జర్మన్ పక్కన ఇంకో పని వచ్చి ఉండాలి. అకౌంట్స్, ఎక్సెల్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, రాయడం, పాఠం చెప్పడం, ఏదైనా సరే. భాష ఒక్కటే ఉన్నవాళ్లు మూడు నాలుగేళ్ల తర్వాత అదే కుర్చీలో ఉండిపోవడం చూశాను. పక్కన ఇంకో విద్య ఉన్నవాళ్లు టీమ్ లీడ్‌లయ్యారు.

టీచర్ కావాలంటే?

ఈ మధ్య నిలకడగా గిరాకీ పెరిగింది ఇక్కడే. 2024 అక్టోబర్‌లో జర్మనీ, నైపుణ్యం ఉన్న భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కి పెంచుతామని ప్రకటించింది. నర్సులకి అక్కడ కొరత. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా నర్సులకి జర్మన్ నేర్పించి పంపే కార్యక్రమాలు నడుపుతోంది. వీళ్లందరికీ ఏ1 నుంచి బీ2 దాకా చెప్పేవాళ్లు కావాలి. జర్మనీలో ఉన్న భర్తో భార్యో దగ్గరికి వెళ్లడానికి చాలామందికి ఏ1 కావాలి కాబట్టి, సాయంత్రం బ్యాచ్‌లలో కొత్తగా పెళ్లైనవాళ్లు ఎప్పుడూ కొందరు ఉంటారు. వాళ్లంత శ్రద్ధగా చదివేవాళ్లని నేను డిగ్రీలో కూడా చూడలేదు.

స్కూల్ ఉద్యోగం మాత్రం విధానాల మీద ఆధారపడుతుంది. 2011లో గోథే ఇన్‌స్టిట్యూట్‌తో ఒప్పందం కుదిరి కేంద్రీయ విద్యాలయాల్లో జర్మన్ మూడో భాషగా బాగా పెరిగింది. 2014 నవంబర్‌లో దాన్ని తీసేసి సంస్కృతం పెట్టారు, చదువు మధ్యలో. తర్వాత అదనపు భాషగా నేర్చుకునే వీలు కల్పించారు గానీ, అప్పుడు కాంట్రాక్టు మీద ఉన్న టీచర్లు పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. కాలేజీలో చెప్పాలంటే ఎంఏ, నెట్ అనే అర్హత పరీక్ష. యూజీసీ నెట్‌లో జర్మన్ ఒక సబ్జెక్టుగా ఉంది.

కృత్రిమ మేధ అనువాదం చేసేస్తోంది కదా. ఇక ఇది చదవడం ఎందుకు?

అనువాదకురాలిగా సూటిగా చెబుతాను: మామూలు ఈమెయిళ్లు, వాషింగ్ మెషిన్ మాన్యువళ్లు ఇప్పుడు నా దగ్గరికి అనువాదానికి రావడం లేదు, సరిదిద్దడానికి వస్తున్నాయి. రేటు కూడా ఆ మేరకు తగ్గింది. ఒప్పందాలు, కోర్టు కాగితాలు, ఆస్పత్రి రిపోర్టుల్లాంటి వాటికి మాత్రం తప్పు జరిగితే బాధ్యత తీసుకునే మనిషి కావాలి. ఒక ఒప్పందంలో "చేయవచ్చు", "చేయాలి" తారుమారైతే ఏమవుతుందో ఊహించుకోండి. అనువాదం మీద మాత్రమే బతుకుదామని చేరేవాళ్లకి ఇది మంచి కాలం కాదు. పాఠాలు చెప్పేవాళ్లకి, మనుషులతో నేరుగా మాట్లాడే పనివాళ్లకి ఆ దెబ్బ ఇంకా అంతగా తగల్లేదు.

బీటెక్ చేస్తూ పక్కన జర్మన్ నేర్చుకుంటే మేలు కదా?

జర్మనీలో ఇంజినీర్ కావాలన్నదే లక్ష్యమైతే అవును, అదే మేలు. మేజర్ వద్దు. మీకు భాషే ఇష్టమైతే, బీటెక్ ఇష్టం లేకపోతే, నాలుగేళ్లు బ్యాక్‌లాగ్‌లు లాక్కుంటూ పక్కన ఏ2 దగ్గర ఆగిపోవడం ఎవరికీ మేలు కాదు.

బీఏ తర్వాత జర్మనీలో ఎంఏ చేయొచ్చా? ఖర్చెంత?

చేయొచ్చు. జర్మన్ సాహిత్యం, జర్మన్‌ని విదేశీ భాషగా బోధించడం లాంటి కోర్సులకు సాధారణంగా సీ1 స్థాయి గానీ, డీఎస్‌హెచ్, టెస్ట్‌డాఫ్ అనే జర్మన్ భాషా పరీక్షల్లో తగిన గ్రేడ్ గానీ అడుగుతారు. బీఏ ఒక్కదానితో ఆ స్థాయి రావడం అరుదు. చాలామంది ఇక్కడ ఎంఏ చేసి గానీ, ఒక ఏడాది పనిచేస్తూ సీ1 రాసి గానీ వెళ్తారు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు, ప్రతి సెమిస్టర్‌కి కొంత చందా కట్టాలి. బాడెన్ వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్లకి 2017 నుంచి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఒక ఏడాది ఖర్చు చూపించాలి: 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు, నెలకి 992 చొప్పున తీసుకోవచ్చు. ఇది ఫీజు కాదు, మీ డబ్బే. అయినా మధ్యతరగతి ఇంట్లో ఒకేసారి సర్దడం మాటలు కాదు. మీ సర్టిఫికెట్లు నిజమైనవని తేల్చే ఏపీఎస్ పత్రం 2022 నవంబర్ నుంచి తప్పనిసరైంది, దానికి ముందుగానే దరఖాస్తు పెట్టుకోండి. అక్కడ చదువుకుంటూ ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. స్కాలర్‌షిప్‌ల కోసం విదేశీ విద్యార్థులకి సాయం చేసే జర్మన్ సంస్థ డీఏఏడీ వెబ్‌సైట్ చూడండి. డిగ్రీలో ఉండగానే వేసవి కోర్సులకి వాళ్లిచ్చే సాయం గురించి మన పిల్లలకి ఎక్కువగా తెలియదు.

పరిశోధన చేయాలంటే తెలుగువాళ్లకి ఏమైనా ప్రత్యేకమైన అంశం ఉందా?

ఉంది, చేసేవాళ్లే తక్కువ. పద్దెనిమిదో శతాబ్దంలో మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్ట్‌సె అనే జర్మన్ మిషనరీ తెలుగు నేర్చుకుని వ్యాకరణం రాశాడు. తిరిగి వెళ్లాక 1740లలో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు అక్షరాలతో పుస్తకాలు అచ్చు వేయించాడు. ఆ మిషన్ ఉత్తరాలు, రాతప్రతులు అక్కడి ఫ్రాంకె సంస్థ భాండాగారంలో ఉన్నాయి. అవి చదవాలంటే పాత జర్మన్ చేతిరాత రావాలి, తెలుగూ రావాలి. రెండూ వచ్చినవాళ్లు ఎంతమంది ఉంటారు? అలాగే జర్మన్ కథలు, నవలలు తెలుగులోకి ఎక్కువగా ఇంగ్లిష్ మీదుగా వచ్చినవే. నేరుగా చేయగలిగినవాళ్లకి బోలెడు పని మిగిలి ఉంది. డబ్బులు తక్కువ, అదీ చెప్పాలి.

బంధువులు "జర్మన్ చదివి ఏం చేస్తుంది?" అంటున్నారు. ఏం చెప్పాలి?

"బీఏ ఆనర్స్, సెంట్రల్ యూనివర్సిటీ" అని చెప్పండి. మా పెద్దమ్మకి ఆ రెండో ముక్క వినగానే మాట మారిపోయింది.

ఇంట్లో ప్రాక్టీస్ ఎలా? మాట్లాడటానికి ఎవరూ ఉండరు కదా.

జర్మన్ ప్రసార సంస్థ డాయిచ వెల్లె వాళ్ల ఉచిత పాఠాలు ఏ1 నుంచి బీ1 దాకా ఉన్నాయి. వాళ్లే నెమ్మదిగా చదివే వార్తలు కూడా పెడతారు. బీ1 దాటాక రోజూ అది వినండి, రాసినది పక్కన పెట్టుకుని వాళ్లతో పాటే పైకి చదవండి. మెట్రోలో నాగోల్ నుంచి రాయదుర్గం దాకా వెళ్లేలోపు ఒక వార్తల ఫైలు రెండు మూడుసార్లు వినొచ్చు. క్లాసులో ఒక జోడీని చూసుకుని, ఇద్దరూ వాట్సాప్‌లో జర్మన్‌లోనే వాయిస్ మెసేజ్‌లు పెట్టుకోండి. తప్పులు పోతాయని కాదు, నోరు తిరుగుతుందని. పాత పాఠ్యపుస్తకాలు కోఠిలో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అప్పుడప్పుడు దొరుకుతాయి. 1996కి ముందు అచ్చైనవి అయితే కొన్ని స్పెల్లింగ్‌లు ఇప్పటివి కావు, చూసి కొనండి.

ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. చేరకముందే ఎలా తెలుస్తుంది?

ఇంటర్ పరీక్షలు అయ్యాక ఖాళీగా ఉండే వారాల్లో ఏ1 మొదటి భాగం ఏదైనా మంచి చోట చేరండి. మార్కులు చూసుకోవద్దు. ఇంటికి వచ్చాక ఎవరూ చెప్పకుండా పుస్తకం తెరుస్తున్నారా, బస్సులో కూర్చుని బోర్డుల మీద అంకెలని జర్మన్‌లో చదువుకుంటున్నారా, అది చూసుకోండి. అలా జరగకపోతే కట్టిన ఫీజు పోయిందనుకోకండి, ఆ ఏ1 ఎక్కడైనా పనికొస్తుంది. సీయూఈటీ దరఖాస్తు మాత్రం ఈలోపే వేసి ఉంచండి. తర్వాత వద్దనుకుంటే మానేయొచ్చు, గడువు దాటాక కావాలనుకుంటే ఇంకో ఏడాది ఆగాలి.